పాత పికప్ కొంటున్నారా? గేరు పడకపోతే వెంటనే గేర్ బాక్సు మీద పడకండి

పదేళ్లు దాటిన బొలెరో పికప్పో, టాటా 207నో చూడ్డానికి వెళ్లినవాళ్లు టైర్లు చూస్తారు, డాలా అడుగున తుప్పు గోకి చూస్తారు, సైలెన్సర్ పొగ చూస్తారు. గేర్ బాక్సు దగ్గరికొచ్చేసరికి ఖాళీ స్థలంలో ఒక రౌండు కొట్టి "బాగానే పడుతున్నాయి" అనేస్తారు. లేదంటే ఒక్కసారి కర్రుమంటే చాలు, "బాక్సు పోయింది" అని తిరిగొచ్చేస్తారు. రెండూ తప్పే.

బండి చల్లగా ఉండగా ఒకసారి, 15-20 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చూడాలి. "మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ఫోన్లోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఏదో దాస్తున్నారేమో అనుకోవడంలో తప్పులేదు, ఇంకో రోజు పొద్దున్నే వెళ్లండి. ఇక్కడ చెప్పేదంతా మామూలు 5 గేర్ల మాన్యువల్ బాక్సు గురించి.

గేరు వేస్తే కర్రుమంటోంది, రివర్స్ అసలు పడట్లేదు

జనం ఎక్కువ డబ్బు తగలేసేది ఇక్కడే. వినగానే "సింక్రో రింగులు పోయాయి, బాక్సు దింపాలి" అనే మాట వస్తుంది (గేరు వేసేటప్పుడు లోపలి చక్రాల వేగాలను కలిపే ఇత్తడి రింగులివి). నిజంగా పోయి ఉండొచ్చు కూడా. కానీ బాక్సు దింపే ముందు అరనిమిషం పట్టే పని ఒకటుంది, దాన్నే అందరూ వదిలేస్తారు.

ఇంజన్ ఆపండి. క్లచ్ తొక్కి ఒకటి నుంచి ఐదు దాకా, తర్వాత రివర్స్, వరసగా వేయండి. అన్నీ మెత్తగా పడ్డాయంటే లివరు, సెలెక్టరు, లోపల గేర్లను జరిపే ఫోర్కులు దాదాపు బాగున్నట్టే. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి, మనసులో పది లెక్కపెట్టి రివర్స్ వేయండి. ఈ బాక్సుల్లో చాలావాటికి రివర్స్‌కు సింక్రో ఉండదు. క్లచ్ నిజంగా విడిస్తే, అంటే ఇంజన్‌నూ బాక్సునూ వేరు చేస్తే, ఇంజన్ తిప్పే బాక్సు షాఫ్టు (ఇన్‌పుట్ షాఫ్టు) ఆ పది లెక్కల్లో ఆగిపోతుంది, గేరు చప్పుడు లేకుండా పడుతుంది. అప్పుడూ కర్రుమంటే ఆ షాఫ్టు ఇంకా తిరుగుతోందన్నమాట, అంటే క్లచ్ విడవట్లేదు. తప్పు బాక్సుది కాదు. అదే రివర్స్ శుభ్రంగా పడి, నడుస్తున్నప్పుడు రెండో గేరో మూడో గేరో మాత్రమే కర్రుమంటుంటే అప్పుడు సింక్రోను అనుమానించండి.

క్లచ్ విడవకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, అందర్నీ ముంచేది ఒక్కటే: మాస్టర్ సిలిండర్ లోపలి లీకు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను గొట్టంలోకి తోస్తుంది, ఆ ఒత్తిడికి బాక్సు దగ్గరి స్లేవ్ సిలిండర్ రాడ్డు కదిలి క్లచ్‌ను విడదీస్తుంది.

బయటి లీకైతే ఎవరికైనా దొరుకుతుంది. పెడల్ పైన మాస్టర్ రాడ్డు దగ్గర తడి ఉంటుంది, లేదా బెల్ హౌసింగ్ (క్లచ్ ఉండే గుల్ల) పక్కన స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తితే ఆయిల్ కారుతుంది, మాస్టర్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది. లోపలి లీకులో ఇవేవీ ఉండవు. పిస్టన్ మీది రబ్బరు కప్పు అంచు అరిగిపోతుంది, లేదా బ్రేక్ ఆయిల్ పీల్చుకున్న తేమ వల్ల సిలిండర్ లోపలి గోడకు గుంటలు పడతాయి. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ స్లేవ్‌కు పోయే బదులు కప్పు పక్క నుంచి జారి మళ్లీ డబ్బాలోకే వెళ్తుంది. మట్టం తగ్గదు, కింద చుక్క పడదు. డబ్బా మూత తీసి చూసినవాళ్లు "ఆయిల్ నిండుగా ఉంది, క్లచ్ బాగానే ఉంది" అని మూత పెట్టేస్తారు.

ఇంకా మోసం ఏంటంటే, గబుక్కున తొక్కితే ఒత్తిడికి కప్పు అంచు గోడకు అతుక్కుని పని చేస్తుంది. నెమ్మదిగా తొక్కితే కారిపోతుంది. ఆ బండికి అలవాటుపడ్డ డ్రైవరు తెలియకుండానే పెడల్‌ను తన్నినట్టు తొక్కుతుంటాడు, ఆయన చేతిలో గేర్లన్నీ పడతాయి. కొనేవాడి చేతికి రాగానే పడవు. ట్రయల్‌లో అమ్మేవాళ్ల మాటలు వింటూ కూర్చోకుండా వాళ్ల ఎడమ కాలు చూడండి. పైగా వేడికి రబ్బరు మెత్తబడి, ఆయిల్ పలచబడి లీకు పెరుగుతుంది. అందుకే పొద్దున బాగున్న బండి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మొరాయిస్తుంది.

పట్టుకునే పద్ధతి ఇదీ. బండి బాగా వేడెక్కాక, ముందు ఖాళీ ఉన్న చదును నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేయకుండా, ఇంజన్ ఐడిల్‌లో పెట్టండి. క్లచ్ నెమ్మదిగా తొక్కి మొదటి గేరు వేసి, పెడల్ అలాగే ఒక నిమిషం పట్టుకోండి. కుడికాలు బ్రేక్ దగ్గరే ఉండాలి. బండి మెల్లగా ముందుకు పాకడం మొదలైతే ఒత్తిడి నిలబడట్లేదు. ఇంకో గుర్తు: గేరు పడనప్పుడు పెడల్ రెండు మూడు సార్లు పంపు కొట్టి వెంటనే వేస్తే పడుతుంది. ఆ పంపింగుకు పడిందంటే బాక్సు విప్పాల్సిన పని లేనట్టే. లైనులో గాలన్నా ఉండాలి, మాస్టరన్నా పోయి ఉండాలి.

ఖాయం చేసుకోవాలంటే ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు కింద స్లేవ్ రాడ్డు దగ్గర స్కేలు పెట్టి చూడాలి. రాడ్డు ఎంత కదిలిందన్నదాని కన్నా, నిమిషంపాటు అక్కడే నిలబడిందా లేదా అన్నది ముఖ్యం. బయట ఎక్కడా తడి లేకుండా మెల్లగా వెనక్కి వస్తుంటే మాస్టరే. తక్కువ కదిలినా కదిలిన చోటే నిలిచి, పెడల్ స్పాంజిలా తగిలితే గాలి ఉంది, లేదా రబ్బరు హోసు ఉబ్బుతోంది. పెడల్ తొక్కుతుండగా హోసును పిడికిట్లో పట్టుకుంటే ఉబ్బడం తెలిసిపోతుంది. స్లేవ్ బెల్ హౌసింగ్ లోపలే ఉండే బండ్లలో ఈ కొలత కుదరదు, ముందు చెప్పిన పరీక్షలతోనే సరిపెట్టుకోవాలి.

రిపేరులో రబ్బరు కిట్టు వేసి ఊరుకోవద్దు. గోడకు గుంటలుంటే కొత్త కప్పు కూడా కొన్నాళ్లకే కోసుకుపోతుంది, సిలిండరు మొత్తం మార్చండి. మూత మీద రాసి ఉన్న డాట్ 3 లేదా డాట్ 4 మాత్రమే పోయాలి. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి. గాలి తీసేటప్పుడు స్లేవ్ మీది నిప్పుల్‌కు పారదర్శక గొట్టం పెట్టి, దాని కొసను ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పెడల్ తొక్కి పట్టుకున్నాక నిప్పుల్ తెరవడం, మూశాకే పెడల్ వదలడం. బుడగలు ఆగేదాకా ఇదే, మధ్యలో డబ్బా సగానికి తగ్గనివ్వొద్దు. చివర్లో పెడల్ రాడ్డుకూ పిస్టన్‌కూ మధ్య కాస్త ఖాళీ ఉందో లేదో చూడండి. చాలామంది "క్లచ్ పైనే పట్టాలి" అని ఆ ఖాళీని చంపేస్తారు. అప్పుడు ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే రంధ్రం మూసుకుపోయి, వేడికి ఒత్తిడి పెరిగి, క్లచ్ జారడం మొదలవుతుంది.

హైడ్రాలిక్ అంతా సరిగ్గా ఉండి కూడా క్లచ్ విడవకపోతే అప్పుడు బాక్సు దింపాలి. వంగిన ప్లేటు, అరిగిన క్లచ్ ఫోర్కు, బిగుసుకుపోయిన పైలట్ బేరింగు (ఇన్‌పుట్ షాఫ్టు కొస కూర్చునేది), ఎక్కువగా ఈ మూడిట్లో ఒకటి ఉంటుంది. దింపాక పైలట్ బేరింగు, క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగు రెండూ మార్చేయండి, కూలీ ఎలాగూ ఒక్కటే.

ఒక హెచ్చరిక. క్లచ్ విడవకుండా నెలల తరబడి నడిపిన బండికి సింక్రో రింగులు నిజంగానే అరిగిపోతాయి. మాస్టర్ మార్చకుండా రింగులు మాత్రమే వేసిన బండి అదే జబ్బుతో మళ్లీ వస్తుంది. "ఈమధ్యే బాక్సు చేయించాం" అని అమ్మేవాళ్లు చెబితే, క్లచ్ సిలిండర్లు మార్చారా అని అడగండి.

చల్లగా ఉన్నప్పుడు గేరు బిగుతు, నాలుగైదు కిలోమీటర్లకు మామూలు

శబ్దం దాచడానికి బాక్సులో చిక్కటి 140 గ్రేడు ఆయిల్ పోసి ఉండొచ్చు. ఫిల్లర్ బోల్టు (ఆయిల్ పోసే రంధ్రానిది) తీసి వేలు పెట్టి చూడండి. ఆయిల్ రంధ్రం అంచుదాకా ఉండాలి, తేనెలా సాగకూడదు. పాత ఆయిల్ దించేస్తానంటే ముందు ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే డ్రెయిన్ బోల్టు ముట్టుకోండి, లేకపోతే ఖాళీ బాక్సుతో కూర్చుంటారు. డ్రెయిన్ బోల్టు మ్యాగ్నెట్‌కు బూడిదరంగు మెత్తటి ముద్ద ఉండటం మామూలే. ఆయిల్లో బంగారు తళుకు ఉంటే అది రింగుల ఇత్తడి. పెంకులు, పళ్ల ముక్కలు దొరికితే బేరమాడకుండా వచ్చేయండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల్లో విజయవాడలో చాలా బండ్లు మునిగాయి కాబట్టి, అటు తిరిగిన బండైతే ఇది తప్పక చూడాల్సిందే. కొత్త ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. జీఎల్-4 రకం ఆయిల్ అడిగిన బాక్సులో జీఎల్-5 రకం పోస్తే సింక్రో రింగులు సరిగ్గా పట్టవు.

శబ్దాలు

న్యూట్రల్‌లో గరగర వచ్చి క్లచ్ తొక్కగానే ఆగితే బాక్సు బేరింగులు. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగు. నడుస్తుండగా అన్ని గేర్లలో మోగి నాలుగులో తగ్గితే కౌంటర్ షాఫ్టు (మిగతా గేర్లకు శక్తిని చేరవేసే పక్క షాఫ్టు) బేరింగులు, ఎందుకంటే చాలా బాక్సుల్లో నాలుగో గేరు డైరెక్టు, లోడు ఆ షాఫ్టు మీద పడదు. ఒక్క గేరులోనే మోగితే ఆ గేరు పళ్లే. 60 వేగంలో న్యూట్రల్ చేసినా మోత అలాగే ఉంటే బాక్సును వదిలేసి వెనక ఇరుసు హౌసింగ్, చక్రాల బేరింగులు చూడండి. కదిలేటప్పుడు టంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు (బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లేది) క్రాసులు, అంటే దాని కీళ్లు.

గేరు దానంతటదే ఊడిపోతోంది

రెండు, మూడు గేర్లలో లాగించి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదలండి, ఊడే గేరు అప్పుడే ఊడుతుంది. ముందు బాక్సు మౌంటింగ్ రబ్బర్లు చూడండి, తెగితే ఇదే లక్షణం. అవి బాగుంటే లోపల పళ్లు గుండ్రబడ్డాయి, ఖర్చు పెద్దదే, ధరలో అంత తగ్గించి అడగండి.

ఇంజన్ అరుస్తుంది, బండి లాగదు

నాలుగో గేరులో 40 వేగం దగ్గర పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఇంజన్ మాత్రమే అరిస్తే క్లచ్ ప్లేటు అయిపోయింది. క్లచ్ సెట్టు ధర తీసేసి బేరమాడండి.

కేసింగ్ పగులు, వంగిన షాఫ్టు, విరిగిన ఫోర్కు ఉండవని కాదు గానీ చాలా అరుదు. చాలావరకు బాక్సు విప్పాకే తెలుస్తాయి.