బీరు రుచి తెలుసుకోవడం – 5వ పాఠం: ఒకే దేశంలో రెండు ప్రాంతాలను పోల్చడం

గత నాలుగు పాఠాల్లో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) తీపిని, హాప్స్ (బీరులో వేసే ఒక తీగ పువ్వులు) చేదును, హాప్స్ వాసనను, ఈస్ట్ తెచ్చే వాసనలను విడివిడిగా గుర్తుపట్టడం సాధన చేశాం. ఈ పాఠంలో ఒకే దేశంలోని రెండు ప్రాంతాల బీరును పక్కపక్కన పెట్టుకుని తేడా ఏమిటో చెప్పడమే కాకుండా, ఆ తేడా ఎందుకు ఏర్పడిందో కూడా చెప్పడం నేర్చుకుంటాం. ఉదాహరణకు అమెరికాను తీసుకుంటున్నాను. అక్కడ చిన్న బ్రూవరీల (బీరు తయారుచేసే చోట్ల) చరిత్ర చక్కగా నమోదై ఉంది. మద్యం చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. పైగా అక్కడ స్థిరపడిన మన పాఠకులు చాలామంది ఉన్నారు కాబట్టి చివర ఇచ్చే అభ్యాసానికి కావలసిన బీరు డబ్బాలు వారికి తేలిగ్గా దొరుకుతాయి. అక్కడ చట్టప్రకారం 21 ఏళ్లు నిండినవారికే ఈ అభ్యాసం వర్తిస్తుందని, రుచి చూసిన తర్వాత కారు తీయకూడదని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను.

ప్రాంతాలను పోల్చేటప్పుడు కొత్తవారు సాధారణంగా ఒక ఊరి స్టౌట్‌ను (వేయించిన మాల్ట్‌తో చేసే నల్లటి బీరు) ఇంకో ఊరి ఐపీఏతో (ఇండియా పేల్ ఏల్) పోల్చి, ఒకటి బరువుగా, ఒకటి చేదుగా ఉందని రాసుకుంటారు. అది ప్రాంతాల తేడా కాదు, రకాల తేడా. ప్రాంతం ఏం చేసిందో కనబడాలంటే మిగిలినవన్నీ స్థిరంగా ఉంచాలి. అందుకే ఈ పాఠం మొత్తానికీ ఒకే రకాన్ని, అంటే హాప్స్ దండిగా వేసే ఐపీఏను, ఎంచుకుంటున్నాం. ఆల్కహాల్ శాతం కూడా దగ్గర దగ్గరగా ఉండాలి. 5 శాతం బీరును 8 శాతం బీరు పక్కన పెడితే నాలుకకు ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు.

తేదీ కూడా అంతే ముఖ్యం. హాప్స్ వాసన కొన్ని వారాల్లోనే పలచబడుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా పోతుంది. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో దగ్గరి స్టోన్ బ్రూవరీ 2012 నుంచి ఒక ఐపీఏ వరుసకు ఫలానా తేదీలోపు తాగండి అన్న మాటనే పేరుగా పెట్టి అమ్మింది. ఆ పేరులో వ్యాపార చమత్కారం ఉన్నా, విషయం మాత్రం నిజమే. డబ్బా అడుగున నింపిన తేదీ చూడకుండా, తూర్పు తీరంలో మూడు నెలలు అరమీద నిలబడ్డ కాలిఫోర్నియా బీరు తాగి, కాలిఫోర్నియా వాళ్లకు వాసన తెలియదని తీర్పు చెప్పడం అన్యాయం.

ఇప్పుడు రెండు గ్లాసుల దగ్గరికి వద్దాం. మొదటిది శాన్ డియేగో శైలి ఐపీఏ. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వేళ్లు కనిపించేంత తేటగా, లేత బంగారు రంగులో ఉంటుంది. వాసనలో పంపరపనస తొక్క గిల్లినప్పటి ఘాటు, దాని వెనుక పైన్ చెట్టు జిగురు తెలుస్తాయి. నోట్లో మాల్ట్ తీపి పెద్దగా నిలవదు. మింగిన తర్వాత నాలుక వెనుక భాగంలో చేదు ఆరిపోయినట్టుగా, పొడిగా మిగులుతుంది. రెండోది ఈశాన్య అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్ర శైలిది. కమలారసంలా మసకగా ఉంటుంది, అవతల ఏముందో కనబడదు. పండిన మామిడి, పీచ్, బొప్పాయి వాసన గ్లాసు ఎత్తక ముందే తగులుతుంది. నోటినిండా మెత్తగా, కాస్త చిక్కగా పరుచుకుంటుంది. చేదు ఉంటుంది గాని చివరికి పదునుగా నిలబడదు.

రెండింటిలోనూ తరచుగా ఒకే హాప్స్ ఉంటాయన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. అమెరికాలో పండే హాప్స్ దాదాపు అన్నీ వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో రాష్ట్రాల నుంచే వస్తాయి. అందులోనూ సింహభాగం వాషింగ్టన్‌లోని యాకిమా లోయది. శాన్ డియేగో బ్రూవర్, వెర్మాంట్ బ్రూవర్ ఒకే లోయ సరుకును కొంటున్నారంటే తేడా నేలలో లేదు, వాడే పద్ధతిలో ఉందన్నమాట. హాప్స్‌ను మాల్ట్ రసంతో పాటు గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది గాని వాసన ఇచ్చే నూనెలు ఆవిరైపోతాయి. చారు దించే ముందు కొత్తిమీర వేసినట్టుగా, మరుగు ఆపిన తర్వాతో పులిసేటప్పుడో హాప్స్ వేస్తే చేదు తక్కువగా, వాసన ఎక్కువగా వస్తుంది. శాన్ డియేగో శైలిలో రెండు పనులూ గట్టిగా చేస్తారు. వెర్మాంట్ శైలిలో మరిగించేటప్పటి మోతాదును బాగా తగ్గించి, బరువంతా చివరి వైపుకు నెడతారు. దానికి తోడు ఓట్స్, గోధుమ కలుపుతారు; వాటి మాంసకృత్తులు హాప్స్‌లోని పాలీఫినాల్స్‌తో కలిసి ఆ మసకను నిలబెడతాయి.

నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నీటిలో సల్ఫేట్ ఎక్కువైతే చేదు పదునుగా, పొడిగా తోస్తుంది. క్లోరైడ్ ఎక్కువైతే రుచి గుండ్రంగా, నిండుగా ఉంటుంది. శాన్ డియేగో కుళాయి నీటిలో పెద్ద భాగం కొలరాడో నది నుంచి దూరాలు దాటి వచ్చే కఠిన జలం. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌కు బుల్ రన్ పరీవాహక ప్రాంతం నుంచి వచ్చే నీరు చాలా మృదువైనది. అయితే నేటి బ్రూవర్లు నీటిని వడపోసి, జిప్సం వేసి సల్ఫేట్‌ను, కాల్షియం క్లోరైడ్ వేసి క్లోరైడ్‌ను తమకు కావలసినంత పెంచుకుంటారు కాబట్టి, ఊరి నీటి వల్లే ఈ రుచి వచ్చిందని ఎవరైనా గొప్పగా చెబితే సగమే నమ్మండి. నీరు ప్రాంతీయ రుచికి ఆరంభాన్ని వివరిస్తుందే గాని ఇవాళ్టి గ్లాసును వివరించదు.

మరి వెర్మాంట్‌లోనే ఆ మసక బీరు ఎందుకు పుట్టింది? ఇక్కడ మనుషుల వరుసను పట్టుకోవాలి. గ్రెగ్ నూనన్ 1988లో బర్లింగ్టన్‌లో వెర్మాంట్ పబ్ అండ్ బ్రూవరీ తెరిచాడు. అంతకు ముందు తన రాష్ట్రంలో బ్రూపబ్‌లను (బీరు అక్కడే తయారుచేసి అమ్మే పబ్బులను) చట్టబద్ధం చేయించడానికి తిరిగినవాడూ అతనే. అతని దగ్గర పనిచేసిన జాన్ కిమిక్ తర్వాత వాటర్‌బరీ అనే చిన్న ఊళ్లో భార్య జెన్‌తో కలిసి ది ఆల్కెమిస్ట్ పేరుతో పబ్ పెట్టుకున్నాడు. పండ్ల వాసన ఇచ్చే ఈస్ట్ అతనికి నూనన్ నుంచే వచ్చింది. అక్కడి 8 శాతం హెడీ టాపర్‌ను వడపోయలేదు, తేటపరచలేదు. 2011 ఆగస్టు చివర ఐరీన్ తుఫాను వరద ఆ పబ్‌ను ముంచేసింది. అప్పటికే వేరే చోట సిద్ధమవుతున్న, బీరును డబ్బాల్లో నింపే యూనిట్ వరద వచ్చిన కొద్ది రోజులకే నడవడం మొదలుపెట్టింది. పబ్‌లో గ్లాసుకే పరిమితమైన బీరు అలా డబ్బాకెక్కి, దానికోసం పక్క రాష్ట్రాల నుంచి జనం కార్లలో వచ్చే స్థితికి చేరింది.

నా అభిప్రాయంలో ఈ కథలో రుచికన్నా అమ్మకం పద్ధతి ఎక్కువ చెబుతుంది. వడపోయని, వాసనే ప్రాణమైన బీరు దూరప్రయాణానికి పనికిరాదు; దాన్ని చల్లగా, కొద్దికొద్దిగా, తయారైన చోటికి దగ్గరలోనే అమ్మాలి. చిన్న పట్టణాలున్న వెర్మాంట్‌కు ఆ పద్ధతి కుదిరింది. శాన్ డియేగోలో స్టోన్, బ్యాలస్ట్ పాయింట్ రెండూ 1996లో మొదలై, సీసాలను దేశమంతా పంపే స్థాయికి ఎదిగాయి. తేటగా, పొడిగా ఉండి లారీలో కొంత ప్రయాణాన్ని తట్టుకునే బీరు వారికి అక్కరకొచ్చింది. ఎదుగుదల ఎక్కడికి తీసుకుపోయిందో కూడా నమోదు చేసుకోండి: బ్యాలస్ట్ పాయింట్‌ను 2015లో కాన్‌స్టెలేషన్ సంస్థ సుమారు 100 కోట్ల డాలర్లకు కొని, నాలుగేళ్లకే ఒక చిన్న బ్రూవరీకి అమ్మేసింది, స్టోన్ 2022లో జపాన్‌కు చెందిన సప్పోరో చేతికి వెళ్లింది. ప్రాంతాన్ని పోల్చేవారు సీసా మీద ఊరి పేరుతో పాటు యజమాని పేరు కూడా చదవాలి.

ఇంకో జాగ్రత్త ఉంది. అమెరికా బ్రూవర్ల సంఘం 2018లో మసక ఐపీఏను తన శైలుల పట్టికలో చేర్చింది. ఆ పాటికే అది దేశమంతా పాకింది. ఇవాళ శాన్ డియేగోలో మసక ఐపీఏ, వెర్మాంట్‌లో తేట ఐపీఏ రెండూ దొరుకుతాయి. కనుక డబ్బా మీద శైలి పేరుగా రాసిన ప్రాంతం ఒకటి, బీరు నిజంగా తయారైన ప్రాంతం ఒకటి కావచ్చు. మీ నోటు పుస్తకంలో ఈ రెంటికీ వేర్వేరు గడులు పెట్టుకోండి. మసకగా ఉండటమే మంచితనమని కొందరు అనుకుంటున్నారు. అడుగున మడ్డి తేలి గొంతులో గరగరలాడే బీరు కూడా మసకగానే ఉంటుందని వారికి గుర్తు చేయాలి.

దూరం నిజంగా రుచిని మార్చే సందర్భం ఒకటి ఉంది, దానికి ఒరెగాన్ వెళ్లాలి. హాప్స్ కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబరంతా సాగుతుంది. కోసిన పచ్చి హాప్స్ పువ్వులో దాదాపు 80 శాతం నీరే. కుప్పగా వదిలేస్తే కొద్ది గంటల్లోనే వేడెక్కి పాడైపోతుంది. అందుకే మామూలుగా వెంటనే ఆరబెట్టి తేమను 10 శాతం దాకా దించి, నొక్కి మూటలు కట్టి, ఏడాది పొడవునా వాడతారు. పోర్ట్‌లాండ్‌కు మాత్రం విల్లమెట్ లోయ తోటలు గంట ప్రయాణం. కోసిన రోజే వ్యాన్‌లో తెచ్చి, ఆరబెట్టకుండా అలాగే కుమ్మరించి చేసే పచ్చి హాప్స్ బీరు శరదృతువులో అక్కడి పబ్బుల్లో వరుసగా కనబడుతుంది. ఎండినవాటికన్నా బరువులో కొన్ని రెట్లు ఎక్కువ వేయాలి. దానికి కోసిన గడ్డి, పుచ్చకాయ తొక్క లాంటి పచ్చివాసన వస్తుంది. యాకిమా నుంచి వెర్మాంట్‌కు అదే పువ్వును విమానంలో తెప్పించవచ్చు గాని, ఖర్చు అమ్మకానికి గిట్టుబాటు కాదు. నేల బీరులో కనబడుతుందని వాదించదలచినవారికి ఇదొక్కటే గట్టి సాక్ష్యమని నా నమ్మకం.

చట్టాల విషయం క్లుప్తంగా చెబుతాను. మద్యనిషేధాన్ని ఎత్తివేసిన 1933 నాటి 21వ రాజ్యాంగ సవరణ మద్యంపై అధికారాన్ని చాలావరకు రాష్ట్రాలకే వదిలింది. నార్త్ కరోలినాలో 2005 వరకు బీరులో 6 శాతానికి మించి ఆల్కహాల్ ఉండకూడదు. ఆ ఏడాది పరిమితిని 15 శాతానికి పెంచాక గాని ఆ రాష్ట్రంలోని ఆష్‌విల్ నగర బ్రూవర్లు ఘాటైన ఐపీఏలకు, బరువైన స్టౌట్లకు చేయి చాపలేకపోయారు. 2004 నాటి ఆష్‌విల్‌ను శాన్ డియేగోతో పోల్చి అక్కడివారికి ధైర్యం లేదని రాస్తే అది బ్రూవర్ మీద నింద అవుతుంది, చట్టం మీద కాదు. కొలరాడోలో 2018 చివరి వరకు కిరాణా దుకాణాల్లో తక్కువ ఆల్కహాల్ బీరే అమ్మేవారు. అసలు బీరు కోసం మద్యం దుకాణానికో బ్రూవరీకో వెళ్లవలసి వచ్చేది. మన దేశంలోనూ మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశమే కాబట్టి, హైదరాబాద్, బెంగళూరు, గురుగ్రామ్ మైక్రోబ్రూవరీలను పోల్చదలచినవారు మెనూ కన్నా ముందు ఎక్సైజ్ నిబంధనలు తెరవడం మంచిది. తెలంగాణలో అలాంటి నిబంధనలు 2015లో వచ్చాయి.

ఇక అభ్యాసం. శాన్ డియేగో ప్రాంతంలో తయారైన తేట ఐపీఏ ఒకటి, వెర్మాంట్‌లోనో పక్కనున్న మసాచుసెట్స్‌లోనో తయారైన మసక ఐపీఏ ఒకటి తీసుకోండి. రెండూ నింపిన తేదీ నుంచి ఆరు వారాలు దాటకూడదు. ఆల్కహాల్ తేడా ఒక శాతానికి మించకూడదు. ఒకే ఆకారపు గ్లాసుల్లో, 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య, గ్లాసుకు 100 మిల్లీలీటర్లు చాలు. ముందు తేటదాన్ని రుచి చూడండి. మసకది ముందు తాగితే దాని తీపి నోట్లో నిలిచి, రెండోదాని చేదు ఉన్నదానికన్నా ఎక్కువగా తోస్తుంది. మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్ చాలు. మిర్చి బజ్జీ ఆ పూటకు దూరంగా పెట్టండి.

ఆ తర్వాత ఒక్కో గ్లాసు గురించి నాలుగైదు వాక్యాలు రాయండి. ‘మసకది మృదువుగా ఉంది, బాగుంది’ అని రాస్తే ఆ వాక్యం మీ ఇష్టం గురించి చెబుతుంది గాని బీరు గురించి చెప్పదు. ‘చేదు మింగిన వెంటనే తగ్గిపోయింది, మామిడి వాసన చివరిదాకా ఉంది, డబ్బా మీద ఓట్స్ అని రాసి ఉంది, కాబట్టి హాప్స్‌లో ఎక్కువ భాగం మరుగు తర్వాత వేసి ఉంటారు’ అని రాస్తే చూసిన సాక్ష్యం నుంచి కారణానికి నడిచినట్టు. ప్రతి వాక్యంలో కనీసం ఒక సాక్ష్యం, వీలైతే ఒక కారణం ఉండాలి. కారణం తెలియనిచోట ఊహించి రాయకండి, గడి ఖాళీగా వదిలేయండి. ఆరో పాఠంలో లేబుల్ చదవడం నేర్చుకున్నాక ఆ ఖాళీలు చాలావరకు నిండుతాయి. అప్పటిదాకా రెండు డబ్బాలనూ కడిగి దాచి ఉంచండి, వాటితోనే ఆ పాఠం మొదలవుతుంది.