నుసుములను గుర్తుపట్టడం – 3వ పాఠం: రెక్క మీది చుక్కలు

గొర్ల దొడ్డి దగ్గర బల్బు కింద సబ్బునీళ్ల పళ్లెం పెట్టమన్నాను కదా, పొద్దున చూస్తే ఏమున్నాయి? పాకాల ఆయకట్టులో వరి పొలాల మధ్య దొడ్డి ఉన్నవాళ్లకు సగం సుడిదోమే పడి ఉంటుంది. అది పేరుకే దోమ, తాగేది వరి రసం. తీసి పక్కన పెట్టండి. మనకు కావలసింది నువ్వుగింజలో సగం ఉండే బూడిదరంగు పురుగు, క్యూలికాయిడిస్. గొర్ల రక్తం తాగి, వాటికి నీలి నాలుక జబ్బు అంటించే నుసుము ఇదే.

ఇక్కడో చిక్కుంది. మన దగ్గర కళ్ల ముందు ముసిరేదల్లా నుసుమే. కంటి తడికి మూగే చిన్న ఈగను కూడా అలాగే అంటాం. మొదట్లో నేను రెండు వారాలు ఆ ఈగలనే లెక్కపెట్టి రాసుకున్నాను. అవి కుట్టవు.

చిన్న కుంచెతో ఒకదాన్ని తీసి, తెల్ల సాసర్‌లో రెండు చుక్కల స్పిరిట్ వేసి పడుకోబెట్టండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. ముందు రెక్క చూడండి. నల్ల గొంగడి మీద సున్నపు చుక్కలు రాలినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తే దాదాపు దొరికినట్టే. ఆ మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయన్న దాన్నిబట్టే జాతి పేరు చెబుతారు. మచ్చల్లేని జాతులూ ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడే వద్దు.

గోడ మీద బతికున్నది కనిపిస్తే వాలిన తీరు చూడండి. ఇది రెక్కలు ఒకదానిమీద ఒకటి మడిచి వీపుకు ఆనించుకుంటుంది. ఒళ్లంతా నూగుతో, రెక్కలు పైకి లేపి కూర్చుంటే అది శాండ్‌ఫ్లై అనే వేరే పురుగు.

మీసాలు కుచ్చులా ఉంటే మగది, దానికి రక్తం అక్కర్లేదు. ఆడదాని పొట్ట దగ్గర కాస్త ఆగండి. రక్తం తాగింది ఎర్రగా ఉబ్బి తెలిసిపోతుంది. ఖాళీ పొట్టలో బీట్‌రూట్ మరకలాంటి రంగు కనిపిస్తే, చాలా జాతుల్లో అది ఒకసారి గుడ్లు పెట్టేసిందని గుర్తు. అంటే సాధారణంగా ముందే ఏదో జీవాన్ని కుట్టి వచ్చిందన్నమాట. నీలి నాలుక వైరస్ దీని ఒంట్లో పెరగడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, మందకు భయం ఈ ముసలివాటితోనే.

ఈ వారం చుక్కల రెక్కలవి పది ఏరి, మరక ఉన్నవి ఒక సీసాలో, లేనివి ఇంకో సీసాలో వేయండి. తేదీ పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. వచ్చే పాఠంలో తొట్టి పక్కన పేడ కలిసిన బురదను జల్లెడ పడదాం, పిల్ల పురుగులు ఉండేది అందులోనే.