సిలిండ్రికల్ రోలర్ బేరింగ్ ఆర్డర్ పెట్టే ముందు: కేజ్ విషయంలో జాగ్రత్తలు

సైజు, లోడు చూసుకుని చాలామంది కేజ్ (రోలర్లను విడివిడిగా పట్టి ఉంచే చట్రం) సంగతి వదిలేస్తారు. కేజ్ విరిగితే రోలర్లు ఒకదానికొకటి రాసుకుని బేరింగ్ మొత్తం పోతుంది.

• ముందు వేడి, ఆయిల్ రెండూ కలిపి చూడండి. గ్లాస్ ఫైబర్ కలిపిన పాలిమైడ్ 66 (ఒక రకం నైలాన్ ప్లాస్టిక్) కేజ్ తేలిక, జారుడు గుణం బాగుంటుంది, లూబ్రికేషన్ తగ్గినా కొంతసేపు తట్టుకుంటుంది. కానీ నిరంతరం 120 డిగ్రీల సెల్సియస్ దాటి నడిచే చోట పెట్టకండి. గేర్‌బాక్సుల్లో పోసే కొన్ని ఈపీ (ఎక్‌స్ట్రీమ్ ప్రెషర్, అంటే తీవ్ర ఒత్తిడిని తట్టుకునే) ఆయిళ్లలోని రసాయనాలు అంతకంటే తక్కువ వేడిలోనే దాన్ని పెళుసు చేస్తాయి. ఆయిల్ డేటా షీట్ చేతిలో లేకుండా పాలిమైడ్‌కి ఓకే చెప్పొద్దనే నేనంటాను.

• అమ్మోనియా కంప్రెసరా? ఇత్తడి వద్దు, పగుళ్లు వస్తాయి. పాలిమైడ్ 66 కూడా సరిపడదు. స్టీలు గానీ పీక్ (PEEK అనే గట్టి ప్లాస్టిక్) గానీ అడగండి.

• వైబ్రేటింగ్ స్క్రీన్ లాంటి కుదుపులున్న యంత్రాలకు మెషిన్ చేసిన ఇత్తడి కేజ్, అందులోనూ బయటి రింగు మీద గైడ్ అయ్యేది మేలు. అయితే కేజ్‌కీ రింగుకీ మధ్య సందు చాలా సన్నం. లూబ్రికెంట్ అక్కడిదాకా చేరుతుందా లేదా చూసుకోండి.

• కేజ్ లేని ఫుల్ కాంప్లిమెంట్ రకం లోడు ఎక్కువ మోస్తుంది, వేగం మాత్రం తక్కువే.

• పాత బేరింగ్ నంబరు చివరి అక్షరాలతో సహా రాసుకోండి. ఎస్‌కేఎఫ్ కంపెనీ బేరింగుల్లో పీ అంటే పాలిమైడ్, జే అంటే స్టీలు, ఎం అంటే ఇత్తడి. ఇంకో కంపెనీ కేటలాగులో ఈ అక్షరాలు మారిపోవచ్చు.