ఒంటికి వేళ – మూడవ పాఠం: తలుపు దగ్గర ముంచుకొచ్చే తొందర

ఉన్నట్టుండి ముంచుకొచ్చే మూత్రపు తొందరను ఆపుకోవడం నేర్పే ఈ పాఠానికి కూర్చునే ముందు మీ నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. మొదటి పాఠంలో మూడు రోజుల పాటు ఎన్ని గంటలకు ఒంటికి వెళ్లారో, ఎంత వచ్చిందో, ఏమేమి తాగారో రాయమన్నాను. రెండవ పాఠంలో మూత్రాన్ని ఆపి పట్టే కటి కింది కండరాలను గుర్తుపట్టి బిగించడం, వదలడం నేర్చుకున్నాం. ఆ రెండూ చేయనివారు ముందు అవి పూర్తి చేసి రండి. ఈ వారం పనికి రెండూ కావాలి.

మూత్రంలో మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, వీటిలో ఏది ఉన్నా ఈ పాఠం ఆపి ముందు డాక్టరు దగ్గరకు వెళ్లి మూత్ర పరీక్ష చేయించుకోండి. గర్భిణులైతే ఒక్కరోజు కూడా ఆగవద్దు. బార్లీ నీళ్లు తాగవచ్చు, తప్పులేదు. కానీ చీము పట్టిన మూత్రానికి అవి మందు కావు. డాక్టరు ఐదు రోజుల మాత్రలు రాస్తే రెండో రోజు మంట తగ్గిందని మూడో రోజు మానేయకండి.

ఇప్పుడు రెండు పుస్తకాలు చూద్దాం. ఈ పాఠాలు నాతో కలిసి మొదలుపెట్టిన ఇద్దరివి, వారి అనుమతితోనే చెబుతున్నాను.

మొదటిది నల్లగొండలో ఇంట్లోనే మిషన్ కుట్టే ఒక అక్కది. పొద్దున లేవగానే 350 మిల్లీలీటర్లు. ఆ తర్వాత రాత్రి పడుకునే దాకా పన్నెండు సార్లు వెళ్లింది, వెళ్లినప్పుడల్లా 80, 90, ఎక్కువంటే 110. గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గుతో కొలిచి, జాకెట్ కొలతలు రాసే చేతితోనే ముత్యాల్లా రాసింది. "నా సంచి చిన్నదమ్మా, పుట్టుకతోనే అంతేనేమో" అంది. నేను ఆ మొదటి వరుస మీద వేలు పెట్టాను. పొద్దున 350 పట్టిన సంచి మధ్యాహ్నానికి చిన్నదెలా అవుతుంది? మూత్రసంచిలో 150, 200 చేరేసరికి మొదటి కబురు వస్తుంది. 300 నుంచి 500 వరకు ఇబ్బంది లేకుండా పడుతుంది. ఈ అక్క సంచి మొదటి కబురు కూడా రాకముందే లేచి వెళుతోంది. ఎందుకంటే ఒకసారి దారిలో చీర తడిసింది, అప్పటి నుంచి బయలుదేరే ముందు, కూర్చునే ముందు, చుట్టాలు వచ్చేముందు, ఎందుకైనా మంచిదని వెళ్లి రావడం మొదలుపెట్టింది. సగం కూడా నిండకుండా ఖాళీ చేస్తూ పోతే సంచి ఆ సగానికే అలవాటు పడుతుంది.

రెండవది దేవరకొండ వైపు పత్తి ఏరే ఒక చెల్లెలిది. పొద్దున ఐదున్నరకు ఒకసారి, మళ్లీ సాయంత్రం ఆరు నలభైకి. మధ్యలో ఏమీ లేదు. సాయంత్రం కొలత 650. తాగినది చేను దగ్గర ఒక్క సీసా నీళ్లు. వినాయక చవితి నుంచి ఆమెకు మూడుసార్లు మంట వచ్చింది. ఆడవాళ్లకు మూత్రనాళం నాలుగు సెంటీమీటర్లే ఉంటుంది. పేగుల్లో ఉండే ఈ. కోలై క్రిమి ఆ కొద్ది దూరం దాటి లోపలికి వస్తుంది. నీళ్లు తాగి వెళుతూ ఉంటే దాన్ని ఎప్పటికప్పుడు కడిగేస్తాం. పదమూడు గంటలు బిగపట్టి ఉంచితే అది అక్కడే పెరుగుతుంది.

ఈ చెల్లెలి లాంటివారికి ఈ వారం పాఠం తలకిందులు. మీరు ఆపడం కాదు, వెళ్లడం నేర్చుకోవాలి. మూడు నాలుగు గంటలకు ఒకసారి, తొందర ఉన్నా లేకపోయినా. చేనులో మరుగు లేదంటారు, నిజమే. నర్సుగా రాత్రి డ్యూటీలు చేసిన రోజుల్లో నేనూ నీళ్లు మానేసినదాన్నే. మా వార్డులో ఆడవాళ్ల బాత్రూముకు గొళ్లెం ఉండేది కాదు. కానీ నాలుగు కర్రలు పాతి పాత చీర చుట్టడానికి పది నిమిషాలు పట్టదు. సద్ది తినే వేళ ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అందరూ కలిసి వెళ్లండి. మేస్త్రీని అడగడానికి సిగ్గుపడకండి. కూలికి వచ్చిన మనిషికి అది కూలీ అంత అవసరం.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మళ్లీ మళ్లీ మంట వచ్చే, రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగే 140 మంది ఆడవారి మీద జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. అందులో రోజుకు ఇంకో లీటరున్నర చొప్పున ఏడాది తాగినవారికి ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మా నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లం. ఎక్కువ నీళ్లు తాగమని చెప్పడానికి ఒకప్పుడు నాకు నోరు వచ్చేది కాదు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఉన్నాయి, తాగడానికి అవే వాడండి, బోరు నీళ్లు కాదు. ఎంత తాగాలో మూత్రం రంగే చెబుతుంది. లేత నిమ్మరసంలా ఉంటే చాలు. మే నెల ఎండలో పని చేసేవారికి రెండు లీటర్లు ఏ మూలకూ రావు. గుండె, కిడ్నీ జబ్బులకు మందులు వాడుతున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించండి.

ఇక మొదటి అక్క పని. బస్సు దిగి ఇంటిదాకా హాయిగానే నడిచి వస్తారు. చేతిసంచిలోంచి తాళంచెవి తీయగానే ఒక్కసారిగా ముంచుకొస్తుంది. చెవి తాళంలో సరిగా దిగదు, కాళ్లు ముడుచుకుంటారు, లోపలికి పరుగెత్తుతారు, గడప దాటేలోపే నాలుగు చుక్కలు పడతాయి. తలుపు, తాళం, నీళ్ల చప్పుడు, ఇవన్నీ మెదడుకు 'ఇక వదలవచ్చు' అనే సంకేతాలుగా అలవాటయ్యాయి. సంచి గోడలోని కండరం ముందే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఆ సమయంలో పరుగెత్తితే పొట్ట మీద ఒత్తిడి పెరిగి అది ఇంకా రెచ్చిపోతుంది.

కనుక పరుగెత్తకండి. ఉన్నచోటే నిలబడండి, కూర్చోవడానికి అరుగు ఉంటే కూర్చోండి. రెండవ పాఠంలో పట్టుకున్న కండరాన్ని గబగబా ఐదారు సార్లు బిగించి వదలండి. పొట్ట, తొడలు బిగించకండి, ఊపిరి ఆపకండి. ఆ బిగింపు సంచి గోడకు 'ఇప్పుడు కాదు' అని చెప్పే మాట. తొందర అలలాంటిది, ఎక్కుతుంది, పైకి వచ్చి కాసేపు నిలుస్తుంది, దిగుతుంది. అది పైన ఉన్నప్పుడు మనసును వేరే పనిలో పెట్టాలి. నేను మా వాళ్లకు బస్సు ఆగే ఊళ్లను వెనక నుంచి చెప్పమంటాను. నల్లగొండ వారైతే ఎల్బీనగర్, హయత్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి. పాలమూరు వారైతే ఆరాంఘర్, శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల. కుట్టు పని అక్క చౌటుప్పల్ దగ్గరకు వచ్చేసరికి అల దిగుతోందని రాసింది. దిగాక నెమ్మదిగా నడిచి వెళ్లండి. మొదట్లో ఒక్క నిమిషం నిలబడగలిగినా అది చిన్న సంగతి కాదు.

ఇది చేతికి వచ్చాక వేళ పెంచాలి. మీ పుస్తకంలో పగటి పూట రెండుసార్ల మధ్య మామూలుగా ఎంత వ్యవధి ఉందో చూడండి. గంట ఉంటే ఈ వారమంతా గంటంపావు. కుదురుకున్నాక వచ్చే వారం గంటన్నర. వారానికి పదిహేను నిమిషాలకు మించి పెంచకండి. మూడు గంటల దాకా చేరితే చాలు, అక్కడ ఆగిపోండి. గంటతో మొదలుపెట్టినవారికి కనీసం ఎనిమిది వారాలు పడుతుంది. మధ్యలో జలుబు, పెళ్లి ప్రయాణం, నిద్రలేని రాత్రి వస్తే వెనక్కి జారుతుంది. జారిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టండి. రాత్రి నిద్రలో మెలకువ వస్తే ఈ సాధన వద్దు, వెళ్లి పడుకోండి.

ఈ వారాల్లో చాయ్ రోజుకు రెండు గ్లాసులకు తగ్గించండి, అందులోని కెఫీన్ సంచిని చిరాకు పెడుతుంది. మలబద్ధకం ఉంటే దాన్నీ చూసుకోవాలి. నిండిన పేగు పక్కనున్న సంచిని నొక్కుతుంది. బస్టాండులో ఇంగ్లీషు కమోడ్ మీద సగం లేచి గాలిలో కూర్చుంటే కింది కండరం వదులుకాదు, కొంత లోపలే మిగిలిపోతుంది. తుడిచి పూర్తిగా కూర్చోండి, లేదా నేలబేసిన్ వెతుక్కోండి. కడుక్కోవడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే.

ముట్టు ఆగినవారికి ఆరు వారాల తర్వాత కూడా తొందర తగ్గకపోతే స్త్రీల డాక్టరుకు చెప్పండి. లోపల పొర పలచబడటం వల్ల కూడా ఇలా అవుతుంది, దానికి పూసుకునే మందులు ఉన్నాయి. షుగరు ఎప్పుడూ చూపించుకోనివారు ఒకసారి చూపించుకోండి.

ఈ వారం పుస్తకంలో ఒక కొత్త గడి గీయండి. అల వచ్చినప్పుడల్లా ఎక్కడ ఉన్నారో, ఏ ఊరి పేరు దగ్గర దిగిందో రాయండి. దిగకపోయినా, తడిసినా అదీ రాయండి. దగ్గినప్పుడు, బిందె ఎత్తినప్పుడు చుక్కలు పడేవారికి ఈ పాఠంతో పెద్దగా తేడా కనిపించదు, అది వేరే కథ. వారి కోసం నాలుగవ పాఠంలో బిందె ఎత్తే ముందు బిగించడం నేర్చుకుందాం. అప్పటిదాకా రెండవ పాఠంలోని సాధనను రోజుకు మూడు పూటలా, పూటకు ఎనిమిది సార్ల చొప్పున చేస్తూ ఉండండి.