ల్యాప్‌టాప్‌లో చిన్న గెలాక్సీని తిప్పి చూడటం ఎలా?

విశ్వం ఎలా రూపుదిద్దుకుందో కంప్యూటర్‌లో నడిపి చూసిన 2005 నాటి మిలీనియం సిమ్యులేషన్‌లో వెయ్యి కోట్లకు పైగా కణాలున్నాయి (కణమంటే ఇక్కడ బోలెడు బరువుకు బదులుగా పెట్టుకునే ఒక చుక్క). అంత అక్కర్లేదు. 1973లో ఖగోళ శాస్త్రవేత్తలు జెరెమయా ఆస్ట్రైకర్, జేమ్స్ పీబుల్స్ కొన్ని వందల కణాలతోనే ఒక గొప్ప సంగతి పట్టుకున్నారు: చుట్టూ కనిపించని బరువేదో లేకపోతే పాలపుంతలాంటి పలచటి డిస్క్ నిలవదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అందులో లెక్కలకు వాడే నంపై లైబ్రరీ కాస్త వచ్చినవాళ్లెవరైనా దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు.

ముందు కొలతలు. దూరం కిలోపార్సెక్‌లలో (ఒకటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు), వేగం సెకనుకు కిలోమీటర్లలో, బరువు సూర్యుడి లెక్కన పెట్టుకోండి. అప్పుడు గురుత్వ స్థిరాంకం 0.0000043 అవుతుంది. కాలంలో ఒక యూనిట్ దాదాపు 98 కోట్ల ఏళ్లు.

తర్వాత డిస్క్. 2,000 కణాలను మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా 15 కిలోపార్సెక్‌ల వరకు చల్లండి. మొత్తం బరువు 5,000 కోట్ల సూర్యులు. అంటే ఒక్కో కణం రెండున్నర కోట్ల సూర్యులకు సమానం.

డార్క్ మ్యాటర్‌కు, అంటే పైన చెప్పిన కనిపించని బరువుకు, ప్రస్తుతానికి కణాలు వద్దు, సూత్రం చాలు. 200 వర్గాన్ని దూరంతో గుణించి, (దూరం వర్గం + 9)తో భాగిస్తే కేంద్రం వైపు లాగే త్వరణం వస్తుంది. దానికి లోపలివైపున్న డిస్క్ బరువు లాగే త్వరణాన్ని కలిపి, దూరంతో గుణించి, వర్గమూలం తీయండి. కేంద్రం చుట్టూ తిరగడానికి కణానికి ఇవ్వాల్సిన వేగం అదే. అందులో పది శాతం అటూఇటూ కదలిక కూడా కలపండి.

ఇక కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా నడుపుతూ, ప్రతి అడుగులో సుమారు 20 లక్షల జంటల ఆకర్షణ లెక్కించాలి. రెండు కణాలు మరీ దగ్గరైతే ఒకదాన్నొకటి విసిరేసుకుంటాయి కాబట్టి దూరం వర్గానికి 0.3 వర్గం తప్పకుండా కలపండి. కదిలించడానికి లీప్‌ఫ్రాగ్ పద్ధతి వాడండి: సగం అడుగుకు వేగం మార్చి, పూర్తి అడుగు స్థానం జరిపి, మళ్లీ సగం అడుగుకు వేగం మార్చాలి. అడుగు 0.001 కాల యూనిట్ ఉంటే చాలు. మొత్తం శక్తిని మాత్రం గమనిస్తూ ఉండండి, సూత్రం తాలూకు స్థితిశక్తితో సహా. అది ఒక శాతం దాటి మారితే, తెరమీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా నమ్మకండి, అడుగును సగం చేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. డార్క్ మ్యాటర్ తీసేసి, డిస్క్ బరువుతోనే వేగాలు మళ్లీ లెక్కగట్టి నడపండి. పాత వేగాలే ఉంచితే కణాలు చెదిరిపోతాయి, పోలిక చెడుతుంది. సరిగ్గా చేస్తే కొన్ని చుట్లలోనే డిస్క్ సాగి, మధ్యలో కడ్డీలాంటి ఆకారం తేలుతుంది.

రెండు గెలాక్సీలను ఢీకొట్టించాలంటే స్థిరమైన సూత్రం పనికిరాదు. డార్క్ మ్యాటర్‌కూ కణాలు పెట్టాలి. అప్పుడు జంటల లెక్క తడిసి మోపెడవుతుంది కాబట్టి 1986లో బార్న్స్, హట్ ఇచ్చిన ట్రీ పద్ధతికి (దూరంగా ఉన్న కణాల గుంపును ఒక్కటిగా లెక్కించే పద్ధతి) మారండి.