పని చేసే చోట బీడీ, సిగరెట్ పొగ లేకుండా చూడటం ఎలా?

ఆదోనిలో పత్తి సీజన్ మొదలయ్యాక జిన్నింగ్ మిల్లులో బీడీ ముట్టిస్తే ఏమవుతుందో ఏ హమాలీకీ చెప్పాల్సిన పని లేదు. చుట్టూ దూదే. కానీ అదే మిల్లు ఆఫీసు గదిలో, బట్టల షాపు గోడౌన్‌లో, మెస్సులో మాత్రం "ఒక్కటే కదా" అని ముట్టించేస్తారు. అక్కడ అంటుకునేది ఏమీ లేదన్న ధైర్యం. చట్టం మాత్రం నిప్పును ఒక్కదాన్నే చూడదు, పక్కవాడు పీల్చే పొగను కూడా చూస్తుంది.

ముందు మీ చోటు నిషేధం కిందికి వస్తుందో లేదో తెలుసుకోండి. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం, 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పని చేసే చోట్లు, ప్రభుత్వ ఆఫీసులు, ఆసుపత్రులు, కోర్టులు, సినిమా హాళ్లు, హోటళ్లు, బస్సులు అన్నీ వస్తాయి. ఆరుబయలు ప్రదేశాలకు మినహాయింపు ఉంది. అలాగని బస్టాండు, రైల్వే స్టేషన్, స్టేడియం ఆరుబయట ఉన్నాయి కదా అంటే కుదరదు. అవీ నిషేధంలోనివే. బీడీ, సిగరెట్, చుట్ట, హుక్కా ఏదైనా ఒకటే లెక్క.

తర్వాత బోర్డు. కంప్యూటర్ సెంటర్‌లో ప్రింట్ తీసి అంటించిన ఏ4 కాగితం సరిపోదు. కనీసం 60 సెంటీమీటర్లు × 30 సెంటీమీటర్ల సైజు, తెల్లటి నేపథ్యం, మధ్యలో ఎర్ర గుండ్రంలో అడ్డగీతతో కొట్టేసిన బీడీ లేదా సిగరెట్ బొమ్మ ఉండాలి. "పొగ తాగరాదు, ఇక్కడ పొగ తాగడం నేరం" అని తెలుగులోనే రాయించండి. ప్రతి గుమ్మం దగ్గర, మేడ ఉంటే ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్ట్ దగ్గర పెట్టాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచకూడదు. ఆఫీసు టేబుల్ మీద యాష్‌ట్రే ఉన్నంతకాలం ఎంత పెద్ద బోర్డు పెట్టినా దండగే.

అసలు పని జరిగేది ఫిర్యాదు ఎవరికి చేయాలో రాసినప్పుడే. ఆ పేరు కూడా కనిపించేలా రాయాలని నిబంధన ఉంది. చాలామంది దీన్నే వదిలేస్తారు. గుమస్తా పేరు రాసి చేతులు దులుపుకోవద్దు; యజమాని బావమరిది ముట్టిస్తే ఆ గుమస్తా ఏమనగలడు? నలుగురూ మాట వినే పెద్దమనిషి పేరు రాయండి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే ఎన్ని ఉల్లంఘనలు జరిగాయో అన్నింటి జరిమానా నిర్వాహకుడి మీదే పడుతుంది. తాగినవాడికైతే 200 రూపాయల వరకు. ఎస్సై, ఆపై స్థాయి పోలీసు అధికారులు ఈ జరిమానా వేయగలరు.

"ఒక గది స్మోకింగ్ రూమ్ చేసేద్దాం" అని ఎవరైనా సలహా ఇస్తారు. మిల్లుకు, షాపుకు, ఆఫీసుకు ఆ వెసులుబాటు లేదు. 30 గదులు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న హోటళ్లు, 30 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది కూర్చునే రెస్టారెంట్లు, విమానాశ్రయాలకే అది. కాబట్టి తాగేవాళ్లను గేటు బయటికే పంపాలి. పత్తి మిల్లులో అయితే బీడీ కట్ట, అగ్గిపెట్టె వాచ్‌మన్ దగ్గర పెట్టి లోపలికి వచ్చే పద్ధతి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి, లేకపోతే మర్నాటి నుంచి ఎవరూ ఇవ్వరు.

ఎవరైనా లోపల ముట్టిస్తే పదిమందిలో అరవకండి. "అన్నా, రోంత బయటికి పోయి తాగు" అంటే చాలామంది లేస్తారు. లేవనివాడికి బోర్డు చూపించి, తేదీ, సమయం పుస్తకంలో రాసుకోండి. మళ్లీ మళ్లీ అదే జరిగితే పోలీసులకు చెప్పడానికి ఆ పుస్తకం పనికొస్తుంది.

మానేయాలని ఉన్నా మానలేకపోతున్నవాళ్లూ ఉంటారు. వాళ్లకు 1800-11-2356 నంబర్ ఇవ్వండి. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ టోల్‌ఫ్రీ లైన్ అది. బోర్డు కిందే రాయించినా మంచిదే.