రిటర్న్ లోడ్ బాధ ఇలా తీరింది
చిత్తూరు నుంచి చెన్నైకి నా సరుకు బండికి కూరగాయల లోడ్ ఎలాగో దొరికేది. టెన్షనంతా తిరుగు ప్రయాణానిదే. చెన్నై కోయంబేడు మార్కెట్‌లో సరుకు దించి ఖాళీ బండితో వస్తే బాడుగ డీజిల్‌కే సరిపోయేది. అక్కడి బ్రోకర్‌ని అడిగితే "రేపు చూద్దాం" అనేవాడు. ఆ రేపు వచ్చేది కాదు.

అందుకే చెన్నైలో వెతకడం మానేసి, మన ఊళ్లోనే హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ అంగళ్లకు వెళ్లాను. వాళ్ల సరుకు చాలావరకు చెన్నైలోని ప్యారిస్ కార్నర్ హోల్‌సేల్ అంగళ్ల నుంచే వస్తుంది. పార్సిల్ ఆఫీసులో దింపితే మళ్లీ ఆటో ఖర్చు, పైగా పైపులు వంగిపోతాయి. "అన్నా, నీ అంగడి ముందరే దించుతా, వంగింది ఉంటే అక్కడే చూసుకో" అన్నాను. ఆ మాటకే ఒప్పుకున్నారు.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) కావాలి. అందులో మన బండి నంబరు అంకె అంకె సరిచూసుకున్నాకే తాడు బిగించాలి. నా బండి లోడుతో కలిపి 3,000 కిలోల లోపే కాబట్టి పర్మిట్ అక్కర్లేదు. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ మాత్రం ఉండాల్సిందే.

తోతాపురి సీజన్‌లో మామిడి లోడ్‌తో పల్ప్ ఫ్యాక్టరీ క్యూలో ఇరుక్కుంటే ఎప్పుడు బయటపడతామో చెప్పలేం. అప్పుడు చెన్నైకి రాలేనని అంగళ్లవాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పేస్తాను.